36 వోల్టుల చిన్న హబ్ మోటారుకు సరిపోయే కంట్రోలర్‌ను ఎలా ఎంచుకోవాలి?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం) | మే 18

సభ్యులందరికీ నమస్కారం. నేను బడిపంతులును. కొవ్వూరు వైపున్న మా పాఠశాలకు మూడేళ్లుగా ఎలక్ట్రిక్ సైకిల్ మీద రోడ్డు కం రైలు వంతెన దాటి వెళుతున్నాను. వెనుక చక్రం 26 అంగుళాలది, అందులో చిన్న హబ్ మోటారు ఉంది. దాని మీద 36 వోల్టులు, 250 వాట్లు అని చెక్కి ఉంది. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం వంతెన ఎక్కుతుండగా సైకిలు ఒక్కసారి కుదిపి ఆగిపోయింది. బ్యాటరీ కరెంటును అదుపు చేసి మోటారుకు పంపే కంట్రోలర్ డబ్బా పెడల్ ఇరుసు కింద ఉంది, దాని నుంచి కాలిన వాసన వచ్చింది. దాని మీది చీటీ చెరిగిపోయి 36 అన్న అంకె తప్ప ఏమీ మిగలలేదు.

ఊళ్లో విడిభాగాలు అమ్మే దుకాణంలో రెండు చూపించారు. ఒకటి 24/36 వోల్టులు, 250 వాట్లు అని రాసి ఉన్నది, రెండోది 36/48 వోల్టులు, 350 వాట్లు అని రాసి ఉన్నది. పెద్దది తీసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుందని దుకాణదారు సలహా. బడులు తెరిచేలోగా సైకిలు సిద్ధం కావాలి, కానీ తప్పు వస్తువు కొని బ్యాటరీనో మోటారునో పాడుచేసుకోవాలని లేదు. దేనిని చూసి ఎంచుకోవాలో దయచేసి చెప్పగలరు.


టంకంపెట్టె (హైదరాబాద్) | మే 18

మాస్టారూ, డబ్బా మీద రాసిన వాట్లను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. కంట్రోలర్‌కు తనదంటూ వాట్ల శక్తి ఉండదు. అది ఎన్ని వోల్టులను తట్టుకోగలదు, బ్యాటరీ నుంచి గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు లాగనిస్తుంది, బ్యాటరీ ఎంతకు పడిపోతే సరఫరా ఆపేస్తుంది అనే మూడు అంకెలే దాని అసలు గుణం. ఒకే డబ్బాకు ఒక అమ్మకందారు 250 వాట్ల చీటీ, మరొకరు 350 వాట్ల చీటీ అంటించడం కోఠి గుజరాతీ గల్లీలో నేను చాలాసార్లు చూశాను.

అయితే కొనడానికి ముందు తేల్చవలసిన ప్రశ్న ఒకటి ఉంది. పాత కంట్రోలర్ ఎందుకు కాలింది? మోటారులో గానీ దాని తీగలో గానీ షార్ట్ ఉంటే కొత్తది కూడా మొదటి నిమిషంలోనే అదే దారి పడుతుంది. కాబట్టి ముందుగా బ్యాటరీని విడదీసి, చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి, చేత్తో వెనక్కి తిప్పి చూడండి. మీది గేర్లున్న మోటారు అయితే ముందుకు తిప్పినప్పుడు లోపలి క్లచ్ జారిపోయి చక్రం ఎప్పుడూ తేలికగానే తిరుగుతుంది, అందువల్ల ముందుకు తిప్పి చేసే పరీక్ష మనకేమీ చెప్పదు. వెనక్కి తిప్పినప్పుడు పట్టిపట్టి, బరువుగా తిరుగుతుంటే మోటారు తీగ కనెక్టర్‌ను ఊడదీసి మళ్లీ తిప్పండి. ఊడదీయగానే తేలికపడితే దోషం కంట్రోలర్‌లోని మాస్‌ఫెట్లది, అంటే కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చులది. ఊడదీసినా బరువుగానే ఉంటే దోషం మోటారు వైండింగ్‌లోనో, తీగలోనో ఉంది.

దానితో పాటు ఈ వివరాలు కావాలి: మోటారు కనెక్టర్‌లో ఎన్ని పిన్నులు ఉన్నాయి, పూర్తిగా చార్జి చేసిన వెంటనే బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపుతోంది, బ్యాటరీ మీద ఇంకేమి రాసి ఉంది, థ్రాటిల్‌కు, బ్రేకు లివర్లకు, డిస్‌ప్లేకు ఎన్నేసి వైర్లు వస్తున్నాయి.


గౌతమీతీరం | మే 19

మీరు చెప్పినట్టే చేశాను. కనెక్టర్ ఉన్నప్పుడు వెనక్కి తిప్పితే చక్రం గట్టిగా పట్టేస్తోంది, ఊడదీయగానే తేలికగా తిరిగింది. మోటారు కనెక్టర్ గుండ్రటిది, తొమ్మిది పిన్నులు ఉన్నాయి. బ్యాటరీ చార్జి అయిన వెంటనే 41.6 వోల్టులు చూపింది. దాని అడుగున 10ఎస్ 3పి, 7.8 ఆంపియర్ అవర్ అనీ, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) 15 ఆంపియర్లు అనీ ఉంది. థ్రాటిల్‌కు మూడు వైర్లు, ఒక్కో బ్రేకు లివర్‌కు రెండు, పెడల్ సెన్సార్‌కు మూడు, డిస్‌ప్లేకు అయిదు వైర్లు ఉన్నాయి.


టంకంపెట్టె | మే 19

మాస్‌ఫెట్ షార్ట్ అయినట్టే. నిర్ధారణకు పాత కంట్రోలర్‌ను అన్నిటి నుంచి విడదీసి, కెపాసిటర్‌లో నిలువ ఉన్న చార్జి పోయేందుకు కొన్ని నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌ను డయోడ్ స్థానంలో పెట్టండి. ఎర్ర ముల్లును బ్యాటరీ మైనస్ వైరుకు, నల్ల ముల్లును మోటారుకు కరెంటు మోసే మూడు ఫేజ్ వైర్లలో ఒక్కొక్కదానికి తాకిస్తే 0.4 నుంచి 0.5 వోల్టుల దాకా రావాలి. తర్వాత ఎర్ర ముల్లును ఫేజ్ వైరుకు, నల్లదాన్ని బ్యాటరీ ప్లస్‌కు తాకించినా అంతే రావాలి. ఎక్కడ సున్నా వస్తే అక్కడి మాస్‌ఫెట్ పోయినట్టు.

తొమ్మిది పిన్నుల కనెక్టర్ అంటే మూడు లావుపాటి ఫేజ్ పిన్నులు, మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పే హాల్ సెన్సార్లవి అయిదు, మిగిలిన ఒకటి వేగం చెప్పే సెన్సార్‌ది. హాల్ సెన్సార్లు పనిచేస్తున్నాయో లేదో తెలియకుండా కంట్రోలర్ రకాన్ని నిర్ణయించలేము, కనుక అది తర్వాతి మెట్టు.


ఉక్కునగరి (విశాఖపట్నం) | మే 19

నా అనుభవం కొంచెం వేరు. నేను 48 వోల్టుల, 22 ఆంపియర్ల, పన్నెండు మాస్‌ఫెట్ల కంట్రోలర్ వాడుతున్నాను. సింహాచలం ఘాట్ మీద కూడా డబ్బా గోరువెచ్చగానే ఉంటుంది. చిన్న కంట్రోలర్ తన అంచున పనిచేసి వేడెక్కుతుంది, పెద్దది సగం శక్తితో నిమ్మళంగా పనిచేస్తుంది. వంతెన ఎక్కాలంటున్నారు కాబట్టి మాస్టారు పెద్దదే తీసుకోవడం మేలని నా అభిప్రాయం.


నిండుచార్జి (వరంగల్) | మే 19

ఉక్కునగరి గారి మాటలో సగం నిజం ఉంది. కంట్రోలర్‌లోని మాస్‌ఫెట్లు, కెపాసిటర్లు అవసరానికి మించి తట్టుకోగలిగినవి కావడం మంచిదే. 36 వోల్టుల బ్యాటరీకి 63 వోల్టుల కెపాసిటర్ ఉన్న కంట్రోలర్ దొరికితే సంతోషంగా తీసుకోవచ్చు. కానీ తట్టుకునే శక్తి వేరు, లాగే కరెంటు వేరు. 22 ఆంపియర్ల కంట్రోలర్ సగం శక్తితో పనిచేయదు. థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఎక్కుడు ఎక్కితే 22 ఆంపియర్లూ అడుగుతుంది.

మాస్టారి బ్యాటరీని చూడండి. 10ఎస్ 3పి, 7.8 ఆంపియర్ అవర్ అంటే ఒక్కో సెల్లు 2.6 ఆంపియర్ అవర్ది, మూడేసి సెల్లులు పక్కపక్కన కలిసి కరెంటు పంచుకుంటాయి, అలాంటి పది జట్లు వరుసగా కలిసి వోల్టేజీని పెంచుతాయి. 22 ఆంపియర్లు లాగితే ఒక్కో సెల్లు మీద ఏడుకు పైగా ఆంపియర్లు పడతాయి. బీఎంఎస్ 15 ఆంపియర్లదని రాసి ఉంది కనుక అది సరఫరాను టక్కున కోసేయవచ్చు. లారీలు పక్కనుంచి పోతున్న వంతెన మీద అలా జరగడం నాకు ఊహించుకోవడానికే ఇష్టం లేదు. కోయకపోతే ఇంకా చెడ్డది, సెల్లులు ఆ వేడికి త్వరగా ముసలివైపోతాయి.

రెండో సంగతి సరఫరా ఆపే వోల్టేజీ. లిథియం సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, కాబట్టి పది వరుసలకు 42. ఈ బ్యాటరీకి తగిన కంట్రోలర్ 30 నుంచి 31.5 వోల్టుల మధ్య ఆగిపోవాలి. 48 వోల్టుల కోసమే చేసిన కంట్రోలర్ 40 నుంచి 42 దగ్గర ఆపేస్తుంది, అంటే మాస్టారి బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నా అది బయలుదేరదు, బయలుదేరినా కాసేపటికే ఆగిపోతుంది. 24 వోల్టులది 20, 21 దాకా లాగుతుంది. అప్పుడు పది వరుసల బ్యాటరీలో ఒక్కో సెల్లు రెండు వోల్టులకు దిగజారుతుంది, కాపాడవలసిన భారమంతా బీఎంఎస్ ఒక్కదాని మీద పడుతుంది.

దుకాణంలో చూపించిన 24/36, 36/48 రకాలు ఆన్ చేసిన క్షణంలో ఉన్న వోల్టేజీని చూసి తామే ఏ బ్యాటరీనో ఊహించుకునేవి కావచ్చు. నిండిన 36 వోల్టుల బ్యాటరీ 42 దగ్గర ఉంటుంది, ఖాళీ కాబోతున్న 48 వోల్టుల బ్యాటరీ కూడా దాదాపు అక్కడే ఉంటుంది. గీత ఎక్కడ గీశారో అమ్మేవారు చెప్పలేకపోతే అలాంటి దాన్ని వదిలి, 36 వోల్టులకే నిర్దేశించినదో, డిస్‌ప్లేలో వోల్టేజీని మనమే ఎంచుకోగలిగినదో తీసుకోవడం క్షేమం.


ఉక్కునగరి | మే 20

అంగీకరిస్తున్నాను. నా బ్యాటరీ పదమూడు వరుసలది, మోటారు గేర్లు లేని పెద్ద డైరెక్ట్ డ్రైవ్. ఆ తేడా నేను మొదటే చెప్పవలసింది. మాస్టారి మోటారుకు నా కొలత వర్తించదు.


రాగితీగ (గుంటూరు) | మే 20

నేను మోటారు వైండింగ్ పని చేస్తాను, గేర్ల హబ్ మోటార్లు నెలకు నాలుగైదు నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో ఎక్కువగా కనబడే జబ్బు కరిగి పళ్లు ఊడిన నైలాన్ గేర్లు. మోటారుకు వోల్టేజీ వేగాన్నిస్తుంది, కరెంటు లాగుడును ఇస్తుంది. అయితే వైండింగ్‌లో వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల 15 ఆంపియర్ల స్థానంలో 22 ఇస్తే లాగుడు ఒకటిన్నర రెట్లే, వేడి రెండు రెట్లు దాటుతుంది. గేర్ల మోటారులో ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఇరుకు. వైండింగ్ ఉన్న గుండ్రటి భాగానికీ బయటి గుల్లకూ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు, ఆ గాలిలోనే నైలాన్ గేర్లు తిరుగుతుంటాయి. రోహిణి కార్తెలో బయటి గాలే నలభై దాటి ఉన్నప్పుడు ఈ సంగతి మరింత ముఖ్యం.

అసలు ఎంత కరెంటు కావాలో లెక్క చూద్దాం. మాస్టారు, సంచి, సైకిలు కలిపి 98 కిలోలు అనుకుంటున్నాను. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే ఎక్కుడును గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి బరువును పైకి మోయడానికే 200 వాట్లు, టైర్ల రాపిడికి, గాలికి మరో 60 దాకా కావాలి. మోటారు, కంట్రోలర్ కలిసి నాలుగో వంతు శక్తిని వేడిగా పోగొట్టుకుంటాయనుకుంటే, పెడల్ అసలు తొక్కకపోయినా బ్యాటరీ నుంచి 350 వాట్లు, అంటే సుమారు 10 ఆంపియర్లు చాలు. తొక్కుతూ వెళితే ఏడుకు దిగుతుంది.

వంతెన మీద ఎక్కుడు కన్నా ఎదురుగాలిని తక్కువ అంచనా వేయకూడదు. గోదావరి మీద గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 20 వేగంతో వెళ్లాలంటే గాలిని చీల్చడానికే 235 వాట్లకు పైగా ఖర్చవుతాయి, టైర్ల రాపిడి కలిపితే 280 అవుతుంది. ఎక్కుడు మూడు నాలుగు వందల మీటర్లలో అయిపోతుంది, ఈ గాలి వంతెన పొడవునా ఉంటుంది. కాబట్టి మాస్టారికి కావలసింది గరిష్ఠం 14, 15 ఆంపియర్ల, ఆరు మాస్‌ఫెట్ల చిన్న కంట్రోలరే.

ఇంకొక మాట. కంట్రోలర్ మీద రాసే ఆంపియర్లు బ్యాటరీ వైపువి. బయలుదేరేటప్పుడు, నెమ్మదిగా ఎక్కేటప్పుడు మోటారు ఫేజ్ తీగల్లో పారే కరెంటు అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉండగలదు. అందుకే నిలబడిన చోట నుంచి థ్రాటిల్ పూర్తిగా తిప్పడం చిన్న మోటారుకు ఎక్కుడు కన్నా కష్టం. రెండు తొక్కులు తొక్కి ఆ తర్వాత కరెంటు ఇవ్వండి.


తొలితొక్కుడు (నెల్లూరు) | మే 20

నేను కొత్త సభ్యురాలిని. ఇదే సమయంలో నాకూ ఒక సందేహం ఉంది. 350 వాట్లని రాసిన కంట్రోలర్ పెడితే సైకిలుకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరమవుతాయా?


టంకంపెట్టె | మే 20

అమ్మా, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు ముప్పై నిమిషాల పాటు ఇవ్వగల శక్తి 0.25 కిలోవాట్ కన్నా తక్కువగా, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల కన్నా తక్కువగా ఉండి, ఆ సంగతిని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే ఆ వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. నియమం మాట్లాడేది మోటారు శక్తి గురించి, వాహన వేగం గురించి. కంట్రోలర్ డబ్బా మీది చీటీ గురించి కాదు. కానీ ఎక్కువ వోల్టేజీతో అదే మోటారు 25 దాటి పరుగెడితే మినహాయింపు మిగలదు. డిస్‌ప్లేలో వేగ పరిమితి పెట్టుకోగల కంట్రోలర్‌ను ఎంచుకోవడానికి ఇది కూడా ఒక కారణం.


గౌతమీతీరం | మే 21

పాత కంట్రోలర్‌లో నీలం, ఆకుపచ్చ ఫేజ్ వైర్ల దగ్గర సున్నా వచ్చింది, పసుపు దగ్గర 0.46 వచ్చింది. తర్వాత హాల్ సెన్సార్ల పరీక్ష చేశాను. పాత ఫోను చార్జరు వైరును కోసి 5 వోల్టులను హాల్ ఎర్ర, నల్ల వైర్లకు ఇచ్చి, చక్రాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లను ఒక్కొక్కటిగా కొలిచాను. మూడింట్లోనూ సున్నాయే చూపుతోంది. మూడు సెన్సార్లూ పోయినట్టేనా?


రాగితీగ | మే 21

తొందరపడి ఆ నిర్ణయానికి రాకండి మాస్టారూ. ఈ సెన్సార్లు తమ వైరును నేలకు, అంటే మైనస్‌కు లాగగలవు, వదిలేయగలవు, అంతే. పైకి 5 వోల్టులకు ఎత్తేది కంట్రోలర్ లోపలి రెసిస్టర్. మీరు కంట్రోలర్ లేకుండా కొలిచారు కనుక ఎత్తేవారు ఎవరూ లేరు. 4.7 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి తీసుకుని ఎర్ర వైరుకూ, కొలుస్తున్న రంగు వైరుకూ మధ్య కలిపి మళ్లీ తిప్పండి. బాగున్న సెన్సార్ సున్నాకూ అయిదుకూ మధ్య మారుతూ ఉండాలి.


గౌతమీతీరం | మే 22

రెసిస్టర్‌తో చూస్తే మీరన్నట్టే పసుపు, నీలం సున్నాకూ అయిదుకూ మధ్య మారుతున్నాయి. ఆకుపచ్చ మాత్రం ఎంత తిప్పినా 4.9 దగ్గరే నిలిచిపోయింది. ఇంకొకటి కూడా కనబడింది. మోటారు తీగ ఇరుసులోంచి బయటికి వచ్చే చోట పై రబ్బరు నలిగి చిట్లింది, లోపల రాగి మెరుస్తోంది. ఇరుసు నట్టు కూడా కొంచెం వదులుగా ఉంది.


టంకంపెట్టె | మే 22

కారణం దొరికింది. నట్టు వదులై, లాగుడుకు ఇరుసు సందులో మెలితిరిగి తీగను నలిపింది. అక్కడ ఫేజ్ వైర్లు ఒకదానికొకటీ, పక్కనున్న హాల్ వైరుకూ తాకి ఉంటాయి. చక్రం చేత్తో తిప్పినప్పుడు తాకలేదు, ఎక్కుడు మీద బరువు పడ్డప్పుడు తాకింది. ఈ తీగతో కొత్త కంట్రోలర్ పెట్టి ఉంటే అదీ పోయేది. ఇరుసు తిరగకుండా పట్టుకునే పలక, అంటే టార్క్ ఆర్మ్, మీ సైకిలుకు ఉందా?


గౌతమీతీరం | మే 22

లేదు. కొన్నప్పుడు మామూలు వాషర్ ఒక్కటే ఇచ్చారు. దాని అవసరం ఉందని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.


రాగితీగ | మే 22

తీగను పూర్తిగా మార్చవలసిందే. బయట టేపు చుట్టి సరిపెట్టవద్దు. ఊళ్లో మోటారు వైండింగ్ చేసేవారెవరైనా పక్క మూత మరలు విప్పి ఈ పని చేయగలరు. వారికి మూడు మాటలు చెప్పండి. ఎలాగూ తెరుస్తారు కాబట్టి మూడు హాల్ సెన్సార్లనూ ఒకే రకంవి మార్చమనండి, 41ఎఫ్ అని అడిగితే దొరుకుతాయి, పాతవి ఏ ముఖం బయటికి ఉండేలా అతికించారో కొత్తవీ అలాగే ఉండాలి. గేర్లకు రాసే గ్రీజు నైలాన్‌కు పడేదై ఉండాలి, వైండింగ్ మీద పడకూడదు. తీగ ఇరుసులోంచి బయటికి వచ్చిన తర్వాత కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా కడితే వాన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, మోటారులోకి పాకదు.

ఇక కంట్రోలర్ రకం. హాల్ సెన్సార్లు ఉంటే వాటితో, లేకపోతే అవి లేకుండా కూడా నడిపే రకాన్ని ఎంచుకోండి. సెన్సార్లతో బయలుదేరడం మెత్తగా ఉంటుంది. ఎప్పుడైనా దారిలో సెన్సార్ పోయినా, రెండు తొక్కులు తొక్కితే మోటారు అందుకుంటుంది, ఇంటికి చేరవచ్చు. శబ్దం తక్కువ కావాలంటే సైన్ వేవ్, అంటే మోటారుకు కరెంటును నునుపైన తరంగంగా ఇచ్చేది, అని రాసినది అడగండి. చతురస్రపు తరంగంతో నడిచేవి ఎక్కుడు మీద బొంగురుగా మూలుగుతాయి.


నిండుచార్జి | మే 23

డిస్‌ప్లే సంగతి మరిచిపోకూడదు. పాత డిస్‌ప్లేకు అయిదు వైర్లు, కొత్త కంట్రోలర్‌కు అయిదు వైర్ల కనెక్టర్ ఉన్నాయని రెండింటినీ కలపవద్దు. ఆ అయిదింట్లో ఒకటి నేరుగా బ్యాటరీ ప్లస్, ఒకటి తాళం నుంచి తిరిగి వచ్చేది, ఒకటి మైనస్, మిగిలిన రెండూ మాటలు మోసేవి. వరుస ఒక్కో తయారీదారుది ఒక్కో విధం. తారుమారైతే 42 వోల్టులు మాటల వైరులోకి వెళ్లి రెండు వస్తువులనూ ఒకేసారి కాలుస్తాయి. వరుస కలిసినా వాటి భాష కలవకపోవచ్చు. కేటీ అనే తయారీ కంట్రోలర్ కేటీ డిస్‌ప్లేతోనే మాట్లాడుతుంది, ఎస్866 వంటి డిస్‌ప్లేలకు జవాబివ్వదు. అందుకే కంట్రోలర్, డిస్‌ప్లే జతగా కొనడం మంచిది, పాత డిస్‌ప్లే బాగున్నా సరే.

పాత థ్రాటిల్, పెడల్ సెన్సార్ మాత్రం పనికి రావచ్చు. థ్రాటిల్‌లో ఎర్రది 5 వోల్టులు, నల్లది మైనస్, మూడోది సంకేతం. సంకేతం వదిలినప్పుడు 0.8, 0.9 దగ్గర, పూర్తిగా తిప్పినప్పుడు 3.6 నుంచి 4.2 దాకా రావాలి. బ్రేకు లివర్ల వైర్లు రెండే ఉన్నాయి కాబట్టి నొక్కగానే ఆ రెంటినీ కలిపే మామూలు స్విచ్చే, దాదాపు అన్నిటికీ సరిపోతుంది. కనెక్టర్ల ఆకారం మాత్రం వేరుగా ఉండవచ్చు, అప్పుడు రంగును నమ్మకుండా మీటరుతో చూసి టంకం పెట్టుకోవాలి.


గౌతమీతీరం | మే 29

తీగ, మూడు సెన్సార్లు మార్పించాను. 36 వోల్టుల, గరిష్ఠం 15 ఆంపియర్ల, ఆరు మాస్‌ఫెట్ల సైన్ వేవ్ కేటీ కంట్రోలర్‌ను దాని డిస్‌ప్లేతో పాటు తెప్పించాను. బ్యాటరీ వైరు మీద 20 ఆంపియర్ల ఫ్యూజు, ఒక వాట్‌మీటరు పెట్టాను. కానీ రంగుకు రంగు కలిపి, చక్రం ఎత్తి, థ్రాటిల్ కొంచెం తిప్పితే మోటారు గజగజ వణికింది, మీటరు 6 ఆంపియర్లు చూపింది. వెంటనే ఆపేశాను.


టంకంపెట్టె | మే 29

ఆపడం మంచి పని. రంగులు ఒక తయారీదారుకూ మరొకరికీ ఒకటే అర్థమని ఏ నియమమూ లేదు, పైగా మీ తీగ మారింది. మూడు హాల్ వైర్లు, మూడు ఫేజ్ వైర్లు కలిపి 36 విధాలుగా కలపవచ్చు. అందులో ఆరు మాత్రమే సరైనవి, మూడు ముందుకు, మూడు వెనక్కి తిప్పుతాయి. అన్నీ ప్రయత్నించనవసరం లేదు. హాల్ వైర్లను కదపకుండా ఫేజ్ వైర్లను మాత్రమే ఆరు వరుసల్లో మార్చి చూడండి, ఒకటి సరిపోతుంది. ఒక్కోసారి ఒక్క సెకను మించి థ్రాటిల్ ఇవ్వవద్దు, వైరు మార్చే ప్రతిసారీ బ్యాటరీ విడదీయండి. సరైన వరుసలో శబ్దం మెత్తగా ఉండి, ఖాళీ చక్రానికి ఒక ఆంపియర్ దాటకూడదు.


గౌతమీతీరం | మే 30

నాలుగో వరుసలో వణుకు ఆగింది, మీటరు 0.6 ఆంపియర్లు చూపింది, మోటారు తిరుగుతున్న శబ్దం చక్కగా వస్తోంది. కానీ చక్రం కదలడం లేదు. గేర్లు పోయాయేమోనని దిగులుగా ఉంది.


రాగితీగ | మే 30

దిగులు వద్దు మాస్టారూ. మోటారు వెనక్కి తిరుగుతోంది, క్లచ్ జారుతోంది కాబట్టి చక్రం కదలదు. గేర్ల మోటారులో ఇది శుభసూచన. ఇప్పుడు హాల్ వైర్లలో ఏవైనా రెంటిని తారుమారు చేసి, మళ్లీ ఫేజ్ వైర్ల సరైన వరుసను వెతకండి. ఈసారి దొరికేది ముందుకు తిప్పేదే అవుతుంది.


గౌతమీతీరం | మే 31

దొరికింది. చక్రం ముందుకు తిరుగుతోంది, ఖాళీగా 0.7 ఆంపియర్లు. డిస్‌ప్లేలో పీ1, సీ5 అని రెండు అమరికలు ఉన్నాయి. వాటికి ఏ విలువలు పెట్టాలి?


నిండుచార్జి | మే 31

పీ1 అంటే మోటారు గేర్ల నిష్పత్తిని లోపలి అయస్కాంతం ముక్కల సంఖ్యతో గుణించగా వచ్చేది. మూత తెరిచినవారు లెక్కపెట్టి ఉంటే చెప్పగలరు. సీ5 బ్యాటరీ కరెంటు పరిమితి. 10 పెడితే పూర్తి కరెంటు, 3 పెడితే సగం. మీ బీఎంఎస్ 15 ఆంపియర్లదే, కంట్రోలర్ గరిష్ఠమూ 15 కనుక, వాట్‌మీటరు చూస్తూ 10 నుంచి ఒక్కో మెట్టు దించి ఎక్కుడు మీద 13 దగ్గర నిలిచేలా పెట్టుకోండి. కరెంటు పెంచడానికి, దాన్ని కొలిచే లోపలి షంట్ మీద సీసం పోయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినవద్దు. ఆ తర్వాత కంట్రోలర్‌కు తాను ఎంత కరెంటు లాగుతోందో తెలియదు.


గౌతమీతీరం | జూన్ 3

ఈరోజు ఉదయం కొవ్వూరు దాకా వెళ్లి వచ్చాను. టార్క్ ఆర్మ్ బిగించాను, కంట్రోలర్‌ను కింద నుంచి తీసి సీటు వెనుక గాలి తగిలేలా, వైర్లు కిందికి వచ్చేలా పెట్టాను. వంతెన ఎక్కుడు మీద తొక్కుతూ 8 ఆంపియర్లు, తొక్కకుండా 11 చూపింది. నది మధ్యలో ఎదురుగాలికి రాగితీగ గారు లెక్కగట్టినట్టే దాదాపు అంతే ఖర్చయింది. కొవ్వూరులో దిగి మోటారు గుల్ల మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, చెయ్యి తీయవలసినంత వేడి లేదు. పూర్వం ఎక్కుడు మీద వచ్చే మూలుగు ఇప్పుడు వినబడటం లేదు. ఎడమ బ్రేకు నొక్కితే మోటారు ఆగుతోంది, కుడిది నొక్కితే ఆగడం లేదు.


టంకంపెట్టె | జూన్ 3

కుడి లివర్‌ను నొక్కి పట్టుకుని ఆ రెండు వైర్ల మధ్య మీటరుతో బీప్ వస్తుందేమో చూడండి. వస్తే కనెక్టర్ పిన్ను లోపలికి జారి ఉంటుంది, రాకపోతే లివర్‌లోని స్విచ్ తుప్పుపట్టి ఉంటుంది. అది సరిచేసేవరకు రద్దీలో థ్రాటిల్ వాడవద్దు, పెడల్ సహాయంతోనే వెళ్లండి.


గౌతమీతీరం | జూన్ 14

కుడి లివర్‌లో స్విచ్చే పోయింది, మార్చాను. బడులు తెరిచారు, రోజూ వెళ్లి వస్తున్నాను. నూరు కిలోమీటర్లు దాటాక ఇరుసు నట్లు పరీక్షిస్తే ఎడమ వైపుది పావు చుట్టు వదులై ఉంది, బిగించి పెయింటుతో ఒక గీత గీశాను. ఇకమీదట ఆ గీత జరిగిందో లేదో రోజూ ఉదయం బయలుదేరే ముందు చూస్తాను.